ఎల్లాప్రగడ సుబ్బారావు: డీఎన్ఏకి కావాల్సిన విటమిన్‌ని తయారు చేయించిన తెలుగోడు.. క్యాన్సర్‌కి మందు దొరికింది కూడా అక్కడే!

ఆకుకూర పప్పు అనగానే కంచం పక్కకు నెట్టేసేవాళ్లు ఈ కథ తెలుసుకోవాల్సిందే. మన ఒంట్లో కణం రెండుగా చీలే ప్రతిసారీ డీఎన్ఏకి కొత్త కాపీ తయారవ్వాలి. ఆ పని జరగాలంటే ఫోలేట్ అనే బి విటమిన్ ఉండి తీరాలి. దీన్నే ఫోలిక్ యాసిడ్ రూపంలో ల్యాబ్‌లో తయారు చేసిన టీమ్‌ని నడిపించింది మన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. మెట్రిక్ పాసవ్వడానికే మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నారు. తెల్లదొర ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్‌కి బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలోనే ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందే లేదు.

ఆ తర్వాత అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ గుర్తింపులోనూ ఆయన చెయ్యి ఉంది. ఇంత చేసినా అక్కడ పర్మినెంట్ ఉద్యోగం మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారిపోయారు.

1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. అన్నదమ్ముల్ని బలి తీసుకున్న స్ప్రూకి అదే మందుగా పనికొచ్చింది!

ఇంతకీ ఫోలేట్ తగ్గితే ఏమవుతుంది? డీఎన్ఏలో థైమిన్ ఉండాల్సిన చోట యురాసిల్ వచ్చి కూర్చుంటుంది. దాన్ని తీసి సరిచేసే క్రమంలో డీఎన్ఏ పోగులు తెగే ప్రమాదం ఉంది. ఇదంతా తర్వాత తేలిన సంగతి. డీఎన్ఏ మెలిక ఆకారం బయటపడింది 1953లో, అప్పటికి సుబ్బారావు లేరు.

అలాగని ఫోలిక్ యాసిడ్ ఎంత మింగితే అంత మంచిదనుకుంటే పొరపాటే. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు దీన్నే ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా జోరందుకుంది. ఎందుకంటే క్యాన్సర్ కణాలకూ కొత్త డీఎన్ఏ కావాలి కదా! మరి దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉంటూ దాని పనిని ఆపేసే అమినోప్టెరిన్‌ని తయారు చేసిచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్‌కీ, కీళ్లవాతానికీ ఇప్పటికీ వాడుతున్నారు. ఈ మందు వాడేవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఫోలిక్ యాసిడ్ జోలికి వెళ్లొద్దు.

మామూలు మనిషికైతే వంటింట్లోనే కావాల్సినంత దొరుకుతుంది. అసలు ఫోలిక్ అనే పేరే ఆకు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. 1941లో శాస్త్రవేత్తలు దాన్ని పాలకూర నుంచే తీశారు మరి. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు రోజూ తినేవే. కాకపోతే ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువ వేడికి పోతుంది. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోశారో, సగం లాభం సింక్ పాలే. మద్యం అలవాటున్నవాళ్లకు తిన్న ఫోలేట్ కూడా సరిగ్గా పట్టదు. గర్భం కోసం ప్లాన్ చేసుకునేవాళ్లకు మాత్రం తిండి ఒక్కటే చాలదు. బిడ్డ వెన్నుపాము లోపాల ముప్పు తగ్గడానికి ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటారు డాక్టర్లు.

ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఓడెక్కాక ఆయన మళ్లీ ఇండియాకి రానేలేదు.