శ్రీమతి శాంతకుమారి

తెలుగు చలనచిత్రములకు రాయలసీమ యిచ్చిన దేమియని యడిగినచో మనవారు తడుముకొనక మూడు పేర్లు చెప్పుదురు. కడప మండలపు సోదరులు బి. ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి, తాడిపత్రి వాస్తవ్యుడు కె. వి. రెడ్డి. వాహినీ, విజయా సంస్థల ఘనతను మన సీమ ఘనతగా చెప్పుకొనుట న్యాయమే. ఆ సోదరులిరువురును ఫాల్కే పురస్కారమునకు పాత్రులైనవారు. కాని బి. ఎన్. రెడ్డి దర్శకత్వమున 'వందేమాతరము' 1939లో వెలువడుటకు మూడేండ్లు ముందే ప్రొద్దుటూరి బాలిక యొకతె తెలుగు తెరపై కథానాయికగా నిలిచి, తన కంఠముతోనే పాడి, జనుల మెప్పు పొందియుండెను. ఆమె పేరు మాత్రము మన సభలలో వినబడుట అరుదు. నిర్మాతలను, దర్శకులను తలచుకొనునంత తఱచుగా మనము నటీమణులను తలచుకొనము. స్త్రీ యగుటచేతనా, నటి యగుటచేతనా యను ప్రశ్నకు సమాధానము పాఠకులకే తెలియును.

ఆమె తొలి పేరు వెల్లాల సుబ్బమ్మ. 1920 మే 17వ తేదీన ప్రొద్దుటూరున జన్మించెను. నాటికి రాయలసీమ యను పేరైనను వాడుకలోనికి రాలేదు. 1928 నాటి నంద్యాల సభ తరువాతనే ఆ మాట మన నోళ్లలో నిలిచినది. అంతకుముందు మనము దత్తమండలముల వారమే. తండ్రి శ్రీనివాసరావు నటుడు. తల్లి పెద్దనరసమ్మ శాస్త్రీయ సంగీతము నెఱిగిన గాయని. ఒక వైపు నాటకము, ఒక వైపు పాట. ఆ రెంటి నడుమ పెరిగిన బిడ్డ యీమె. పదుమూడేండ్లు నిండునప్పటికి గాత్రమునందును వయొలిన్ వాద్యమునందును గట్టి నేర్పు సంపాదించెను. తరువాత చెన్నపట్టణమున ఆచార్య పి. సాంబమూర్తిగారి శిక్షణము లభించినది. డి. కె. పట్టమ్మాళ్ ఆమెకు సహాధ్యాయిని. సాంబమూర్తిగారి బృందముతో కచేరీలు చేయుచు, విద్యోదయ పాఠశాలలో పిల్లలకు పాట చెప్పుచు కొంతకాలము గడపెను. ఆ దారినే సాగియుండినచో ఆమె పేరు సంగీత సభల పట్టికలలో నుండెడిదని మేము దృఢముగా నమ్ముచున్నాము.

ఆ కాలమున గృహస్థుల యిండ్లలో పాట నేర్పించుటయే గొప్ప సాహసము. ఇక ముఖమునకు రంగు పూసికొనుట యనగా వంశమునకు మచ్చగా తలంచెడివారు. ఈ విషయమున మన కడప మండలమునకు ఒక ప్రత్యేకత కలదు. 1885లో సురభి గ్రామమున వనారస గోవిందరావు స్థాపించిన నాటకసమాజములో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించిరి. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా కనిపించిన కమలాబాయి ఆ సురభివారి బిడ్డయే. తాడిపత్రిలో పుట్టి బళ్లారిలో వెలసిన రాఘవగారును స్త్రీ వేషము స్త్రీకే చెందవలెనని పట్టుపట్టినవారు. ఇట్టి నేలనుండి వచ్చినదగుటచేత సుబ్బమ్మకు దారి సుగమమైనదని యెవరైన ననుకొన్నచో పొరపాటు. రంగస్థలమున స్త్రీని చూచి చప్పట్లు చరచిన ప్రభువులే, ఆమెను పెండ్లి పందిటిలో పేరంటమునకు పిలుచుటకు వెనుదీసెడివారు.

1936లో పి. వి. దాసు 'మాయాబజార్' చిత్రమును తీసెను. శశిరేఖా పరిణయమని దానికి మారుపేరు. పాడగల శశిరేఖ కావలసివచ్చినది. పదునారేండ్ల సుబ్బమ్మ ఆ పాత్రకు కుదిరి, శాంతకుమారి యను కొత్త పేరుతో తెరపైకి వచ్చెను. అభిమన్యుడుగా నటించినవాడు, పిమ్మట గొప్ప సంగీత దర్శకుడైన సాలూరి రాజేశ్వరరావు, అప్పటికి బాలుడే. నాటి పద్ధతి నేటివారికి తెలియదు. పాటను వేఱొకరు పాడగా పెదవులు కదపుట యప్పుడు లేదు. కెమెరా తిరుగుచుండగనే నటి పాడవలెను; మృదంగము, హార్మోనియము వాయించువారు చిత్రపటమున పడకుండ చెట్టుచాటుననో తెరచాటుననో కూర్చుండవలెను. అడుగు తప్పినను, శ్రుతి తప్పినను మొత్తము తిరిగి తీయవలసినదే. అట్టి పరీక్షలో చదువుకొన్న గొంతు కలవారే నిలిచిరి. శాంతకుమారి నిలిచెను.

మరుసటి యేడు 'సారంగధర'. దాని దర్శకుడు నెల్లూరివాడగు పి. పుల్లయ్య. ఆ పరిచయమే వివాహముగా పరిణమించినది. పెండ్లి కాగానే నటికి ఇల్లే చాలునని తలచుట లోకరీతి; పుల్లయ్య అట్లు తలపలేదు. 1939లో ఆయన 'శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యము' తీసి, సి. ఎస్. ఆర్. ఆంజనేయులుకు స్వామి పాత్రయు, భార్యకు పద్మావతి పాత్రయు నిచ్చెను. ఏడుకొండలవాని పెండ్లి కథను తెరపై చూచుట తెలుగువారికి పండుగయే యైనది. 'కృష్ణప్రేమ' (1943)లో ఆమె రాధ. గూడవల్లి రామబ్రహ్మము తీసిన 'మాయాలోకము' (1945)లో యువకుడగు అక్కినేని నాగేశ్వరరావుతో కలిసి నటించెను. 1949లో కె. వి. రెడ్డి 'గుణసుందరి కథ' వచ్చినది. అందు నాయిక జూనియర్ శ్రీరంజని. శాంతకుమారి అహంకారము మూర్తీభవించిన అక్క. అప్పటికామెకు వయసు ఇరువదితొమ్మిది మాత్రమే.

ఇక్కడ మేము కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ముప్పది నిండకమున్నే నాయిక పీటను విడిచి ప్రక్కకు జరుగుట సామాన్యము కాదు. మరుసటి యేడే నాగిరెడ్డి, చక్రపాణుల తొలి చిత్రము 'షావుకారు'లో ఆమె గోవిందరాజుల సుబ్బారావుకు ఇల్లాలు, యెన్. టి. రామారావుకు తల్లి. దీనిని పతనమని తలచువారు కలరు. మాకట్లు తోచదు. నాయిక పాత్రకు నాడు రూపమును కంఠమును చాలెడివి; తల్లి పాత్రకు అనుభవము కావలెను. ఇంటి పెత్తనము, సవతిపోరు, కొడుకు మీది పక్షపాతము, కోడలి యెదుట ఓటమి, ఇవన్నియు మన పల్లెలలోని పెద్దయిండ్లలో నిత్యము జరుగు కథలే. వీనిని తెరపై నిజముగా చూపగల స్త్రీ కరవైన దినములవి.

1955లో పుల్లయ్య తీసిన 'అర్ధాంగి' ఇందుకు సాక్ష్యము. మణిలాల్ బెనర్జీ వంగ నవల దానికి మూలము. జమీందారు గుమ్మడి; ఆయన రెండవ భార్య శాంతకుమారి; బుద్ధి వికసింపని సవతికొడుకు అక్కినేని; దుర్వ్యసనపరుడైన సొంతకొడుకు జగ్గయ్య; ఇంటిని చక్కదిద్దిన కోడలు సావిత్రి. లెక్క చూడుడు. భర్తగా నటించిన గుమ్మడి ఆమెకంటె ఏడేండ్లు చిన్న. కొడుకుగా నటించిన అక్కినేని నాలుగేండ్లు మాత్రమే చిన్న. పదేండ్ల క్రిందట తనతో సమానముగా తెరపై నిలిచినవాడు. అయినను సభాభవనమున కూర్చున్న వారికి ఆ సంగతి స్ఫురింపలేదు. ఆ సవతితల్లి రాక్షసి కాదు. కన్నకొడుకుమీది గ్రుడ్డిప్రేమచేత సంసారమును మునుగగొట్టుకొనుచున్న గృహిణి. భూవసతిగల కుటుంబములవారు ఆ చిత్రమును చూచి బయటికి వచ్చునప్పుడు మౌనముగా వచ్చిరన్నచో ఆశ్చర్యము లేదు. 1959 నాటి 'జయభేరి'లో అదే అక్కినేనికి ఆమె వదినె. కులము కట్టుబాట్లను మీఱిన మఱది కొఱకు కుమిలిన ఇల్లాలు.

కుమార్తె పద్మ పేరిట దంపతులు పద్మశ్రీ సంస్థను నెలకొల్పియుండిరి. ఆ సంస్థ పక్షమున 1960లో పుల్లయ్య తిరిగి వేంకటేశ్వరుని కథనే చేపట్టెను. స్వామి యెన్. టి. రామారావు, పద్మావతి సావిత్రి. ఇరువదియొక్క సంవత్సరములకు పూర్వము తాను ధరించిన పెండ్లికూతురి వేషమును మఱియొకతెకు ఇచ్చి శాంతకుమారి వకుళమాతయై నిలిచెను. యుగాంతరమున యశోదయై పెంచిన బిడ్డ కొఱకు వేచి వేచి కన్నులు కాయలు కాచిన తల్లి. నాటికి నేపథ్యగానము స్థిరపడి, పాడునది యొకరు, కనబడునది యొకరు అయినను, వకుళ పాటను మాత్రము శాంతకుమారియే పాడెను. ప్రొద్దుటూరున తల్లి యొడిలో మొదలై, సాంబమూర్తిగారి యొద్ద పదునెక్కిన విద్య అంతయు ఆ పాటలో వినబడును. కచేరీ వేదిక పోగొట్టుకొన్నది చిత్రసీమకు దక్కినదని సంతోషింపవలెనో, చిత్రసీమ సైతము ఆ గొంతును తగినంతగా వాడుకొనలేదని చింతింపవలెనో మాకు తేలదు. రెండును నిజములే.

ఆ చిత్రము ఆడిన కొన్ని మందిరముల ముంగిట స్వామి విగ్రహము నుంచి, హుండీ పెట్టిరి. జనులు చెప్పులు విడిచి, టెంకాయలు కొట్టి లోనికి పోయిరి. నటీనటుల పేరెత్తిన ముఖము చిట్లించు పెద్దలును ఆ వరుసలో నిలిచినవారే.

పిమ్మటను ఆమెకు పని తఱుగలేదు. 1970 నాటి 'తల్లా పెళ్లామా', 1971 నాటి 'ప్రేమనగర్' మొదలగు చిత్రములలో ఆమెను చూచినవారు నేటికిని పెక్కురు కలరు. 'ప్రేమనగర్'లోని తల్లి పాత్రను తమిళమున 'వసంత మాళిగై'లోను ఆమెయే ధరించి, శివాజీ గణేశనునకు తల్లియైనది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1981వ సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారమును పుల్లయ్యకిచ్చినది. అనంతర కాలమున అదే గౌరవము ఆమెకును దక్కినది. భర్త ముందు గతింపగా, 2006 జనవరి 16వ తేదీన చెన్నపట్టణమున ఆమె కన్నుమూసెను. తొలి దశాబ్దపు టాకీలలో పెక్కింటి ప్రతులు కాలిపోయి, కరగిపోయి నశించినవి. వకుళ పాట మిగిలినది. తిరుమల కథ చెప్పుకొను ఇండ్లలో, పాడిన దెవరో తెలియనివారును దానిని వినుచునే యున్నారు.