ప్రజల పలుకు కోసం

పుట్టిన గడ్డ భాషను పరాయిభాషవలె పుస్తకాల్లో నేర్చుకోవలసిరావడం విచిత్రమైన స్థితి. ఐర్లండు నాటకకర్త జాన్ మిలింగ్టన్ సింజ్ విద్యాభ్యాసం అటువంటి స్థితిలోనే సాగింది. ఆ భాష విలువ ఆయనకు బోధపడినది స్వదేశంలో కాదు, పారిస్ నగరంలో.

సింజ్ 1871 ఏప్రిల్ 16న డబ్లిన్ శివారులోని రాత్‌ఫార్న్‌హమ్‌లో జన్మించాడు. న్యాయవాది అయిన తండ్రి మరుసటి ఏడాదే మశూచి సోకి మరణించాడు. తల్లి మతనిష్ఠ గల ఇల్లాలు. వారిది ఇంగ్లీషు మాట్లాడే భూస్వాముల, ప్రొటెస్టంటు మతాచార్యుల కుటుంబం. ఐర్లండు ప్రాచీన భాష ఐరిష్. అది కెల్టిక్ భాషాకుటుంబానికి చెందినది. 1845లో మొదలైన ఘోరక్షామంలో సుమారు పది లక్షలమంది మరణించారు. అంతకంటె ఎక్కువమంది దేశం విడిచి వలసపోయారు. ఐరిష్ మాట్లాడే పేదపల్లెలే అధికంగా దెబ్బతిన్నాయి. బతుకుతెరువుకు ఇంగ్లీషే ఆధారం కావడంతో అనేకమంది తల్లిదండ్రులు తమ బిడ్డలకు తమ భాష నేర్పడమే మానుకొన్నారు.

సింజ్ 1889లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో చేరాడు. అక్కడ ఐరిష్ బోధన ముఖ్యంగా మతప్రచారకుల అవసరాల కోసమే సాగేది. పల్లెప్రజలకు మతబోధ చేయడానికి అది ఒక సాధనం మాత్రమే. సింజ్‌కు మతవిశ్వాసం అప్పటికే సడలింది. అయినప్పటికీ ఆయన ఆ భాషను శ్రద్ధగా అభ్యసించి, 1892లో ఐరిష్, హీబ్రూ భాషలలో బహుమతులు పొందాడు. వయొలిన్ విద్వాంసుడు కావాలన్నది ఆయన తొలి ఆశ. అందుకై 1893లో జర్మనీ వెళ్ళాడు. కాని సభాకంపం వల్ల సంగీతవృత్తిని విరమించుకొని, 1895లో పారిస్ చేరాడు.

అక్కడ సోర్బన్‌లో ఫ్రెంచి సాహిత్యోపన్యాసాలు విన్నాడు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి కొంత సంపాదించుకొనేవాడు. ఆ నగరంలోనే కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆర్బ్వా ద జ్యుబెన్‌విల్ అనే పండితుడు కెల్టిక్ భాషలకు ఆచార్యుడుగా ఉండేవాడు. 1882లో ఆ పీఠం ఏర్పడినప్పుడు దానిని తొలిగా అధిష్ఠించినవాడు ఆయనే. ప్రాచీన ఐరిష్ నాగరికతను హోమర్ నాటి గ్రీకు నాగరికతతో పోల్చి ఆయన చేసిన ఉపన్యాసాలను 1898లో సింజ్ విన్నాడు. డబ్లిన్‌లో కూలివాని మాటగా చులకన పొందిన భాష ఇక్కడ గ్రీకుభాష సరసన ఆసనం పొందింది. ఒకే నగరంలో ఫ్రెంచి, కెల్టిక్ విద్యలు రెండూ లభించడం సింజ్ జీవితాన్ని మలుపు తిప్పింది.

1896 చివర పారిస్‌లో కవి యేట్స్‌తో పరిచయం కలిగింది. అరన్ దీవులకు వెళ్ళి అక్కడి ప్రజల నడుమ జీవించమని తాను ఉపదేశించినట్లు యేట్స్ తరువాత చెప్పుకొన్నాడు. ఇంతలో 1897లో మెడ వద్ద గ్రంథి వాచి, శస్త్రచికిత్స జరిగింది. ఆయన ఆయుర్దాయాన్ని హరించబోయే వ్యాధికి అది తొలి సూచన. మరుసటి వేసవిలోనే సింజ్ అరన్ దీవులలో అడుగుపెట్టాడు.

ఐర్లండు పశ్చిమ సముద్రంలోని ఆ మూడు రాతిదీవులలో ఐరిష్ నిత్యవ్యవహారంలో ఉండేది. పుస్తకాల్లో చదివిన భాషను సింజ్ అక్కడ బెస్తవారి నోట విన్నాడు. ఒక ముసలివాని వద్ద శిష్యుడై కూర్చున్నాడు. కుంపటి పక్కన చెప్పుకొనే కథలను రాసుకొన్నాడు. 1902 వరకు ఐదుమార్లు ఆ దీవులకు వెళ్ళివచ్చాడు. ఆ అనుభవాలే 1907లో 'అరన్ దీవులు' గ్రంథంగా వెలువడ్డాయి.

సింజ్ తన నాటకాలను ఇంగ్లీషులోనే రచించాడు. అయితే ఆ ఇంగ్లీషు వాక్యానికి ఐరిష్ నుడికారాన్ని, ఊపిరిని అందించాడు. 1904లో ప్రదర్శితమైన 'రైడర్స్ టు ద సీ'లో ఒక ముసలితల్లి తన కొడుకులందరినీ సముద్రానికి బలి ఇస్తుంది. మునిగి చనిపోయినవానిని మేజోడు అల్లిక కుట్లు లెక్కించి గుర్తుపట్టే ఘట్టం హృదయవిదారకం. 1907 జనవరి 26న డబ్లిన్ ఆబీ థియేటర్‌లో 'ద ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్' ప్రదర్శించగా, ఐరిష్ పల్లెలను అవమానించాడని జాతీయవాదులు అల్లరి చేశారు. పోలీసులను పిలవవలసివచ్చింది. పల్లెప్రజల పలుకు కోసం ఏళ్ళ తరబడి తపించినవానిపైనే ఆ నింద పడింది. అయినా నాటకాన్ని నిలిపివేయలేదు. వారమంతా ప్రదర్శన సాగింది.

వ్యాధి ముదిరి, 1909 మార్చి 24న, ముప్పైయెనిమిదేళ్ళు నిండకముందే సింజ్ కన్నుమూశాడు. అసంపూర్ణంగా మిగిలిన చివరి నాటకాన్ని మిత్రులు 1910లో ప్రదర్శింపజేశారు. 1937 నాటి రాజ్యాంగం ఐరిష్‌ను ఐర్లండుకు ప్రథమ అధికారభాషగా గుర్తించింది. ఆ గౌరవాన్ని చూడడానికి సింజ్ లేడు. పండితుని పీఠం ఆ భాష ప్రాచీనతను ఆయనకు తెలిపింది. బెస్తవాని కుంపటి దాని ప్రాణాన్ని చూపింది. ఆ రెండు చదువులూ కలిసినందువల్లనే ఆయన రచన నిలిచింది.