ఉపకారవేతనం

డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మహూలో జన్మించారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి.ఏ. చదివే కాలంలో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ మంజూరు చేసిన నెలకు 25 రూపాయల ఉపకారవేతనం ఆయనకు ఆధారమైంది. 1913 ఫిబ్రవరిలో తండ్రి రామ్‌జీ మరణించారు. కుటుంబభారం మీదపడినా ఆయనలో విద్యాకాంక్ష సన్నగిల్లలేదు. విదేశీ విద్యకై బరోడా సంస్థానాన్ని ఆర్థిక సహాయం అర్థించారు. నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు వేతనం మంజూరైంది. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది నిబంధన. జూన్ 4న ఒప్పందపత్రంపై సంతకం చేసి, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు.

1916లో లండన్ వెళ్లి అర్థశాస్త్ర అధ్యయనం కొనసాగిస్తుండగా వేతనం గడువు తీరింది. 1917లో స్వదేశానికి వచ్చి, ఇచ్చిన మాట ప్రకారం బరోడా కొలువులో చేరారు. కాని అస్పృశ్యుడన్న కారణంగా ఆ నగరంలో ఆయనకు తలదాచుకొనే చోటు దొరకలేదు. కొలువు విడువక తప్పలేదు. బొంబాయిలో అధ్యాపకుడిగా పనిచేసి కొంత సొమ్ము కూడబెట్టారు. దానికి కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజు సాయం, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు తోడయ్యాయి. 1920లో మళ్లీ లండన్ చేరి, 1923లో డి.ఎస్‌సి. పట్టం సాధించారు.

1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడైన అంబేద్కర్, షెడ్యూల్డు కులాల విద్యార్థుల ఉన్నత విద్యకు ప్రభుత్వమే ధనం వెచ్చించాలని కోరారు. 1944లో మెట్రిక్ అనంతర ఉపకారవేతనాల పథకం ఆరంభమైంది. ఇంటర్మీడియట్ మొదలు పై చదువులకు అది ఊతమైంది. ఒక రాజు ఔదార్యం వల్ల తనకు దక్కిన అవకాశం, ఇతరులకు ప్రభుత్వ బాధ్యతగా అందేందుకు ఆయన బాట వేశారు.