చుక్క డీజిల్‌కీ లెక్క చెప్పిన మనిషి: రాబర్ట్ బాష్ జీవితం

లారీ ఉన్న ఇంట్లో పంపు మాట రాని నెల ఉండదు. నల్ల పొగ వస్తున్నా, లోడుతో ఘాట్ ఎక్కలేకపోతున్నా, మైలేజీ పడిపోయినా మెకానిక్ చూపు ముందు డీజిల్ పంపు మీదకే పోతుంది. ఆటోనగర్లలో ఈ పంపులు విప్పి, బిగించి ఇల్లు నడిపినవాళ్లు మనలో ఎంతోమంది. ఆ పంపు వెనుక ఉన్న మనిషి పేరు స్పేర్ పార్టుల డబ్బాల మీద రోజూ చూస్తాం గానీ, ఆయన కథ మనకు పెద్దగా తెలీదు.

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబర్ 23న జర్మనీలో ఉల్మ్ పట్టణం దగ్గర ఆల్బెక్ అనే ఊళ్లో పుట్టారు. పన్నెండు మంది పిల్లల్లో పదకొండోవాడు. తండ్రికి వ్యవసాయం, దాంతోపాటు ఒక సత్రం. బాష్‌కి డిగ్రీ లేదు. ఉల్మ్‌లో ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకుని, అమెరికాలో ఎడిసన్ కంపెనీలో, ఇంగ్లండ్‌లో సీమెన్స్ కంపెనీలో పనిచేసి వచ్చారు. 1886 నవంబర్ 15న స్టుట్‌గార్ట్‌లో సొంత వర్క్‌షాపు తెరిచారు. పెట్టుబడి 10,000 మార్కులు. పనివాళ్లు ఒక మెకానిక్, ఒక కుర్రాడు, అంతే. మొదటి కొన్నేళ్లు అప్పుల మీదే నడిచింది.

నిలబెట్టింది మాగ్నెటో. పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఆ పరికరాన్ని 1897లో బండికి అమర్చారు. 1902లో ఆయన దగ్గరి ఇంజనీర్ గోట్లోబ్ హోనోల్డ్ దాన్ని ఇంకా మెరుగుపరిచాక వ్యాపారం దేశాలు దాటింది. 1906లోనే బాష్ తన ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పని పెట్టారు. అలసిన చేతితో కొలత తప్పుతుందని ఆయనకు తెలుసు.

ఇక డీజిల్ సంగతి. రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ 1897లోనే విజయవంతంగా నడిచింది. కానీ అందులోకి ఇంధనాన్ని అధిక ఒత్తిడి గాలితో ఊదాలి. దానికి బరువైన కంప్రెసర్ కావాలి. ఓడకు, ఫ్యాక్టరీకి అది సరే, లారీ మోయలేదు. 1913లో డీజిల్ ఓడ ప్రయాణంలో కనిపించకుండా పోయి చనిపోయే నాటికీ ఆ చిక్కు పూర్తిగా తీరలేదు. 1923-24లో బెంజ్, మాన్ కంపెనీల డీజిల్ లారీలు బయటికి వచ్చాయి. ఇప్పుడు కావాల్సింది నమ్మకంగా పనిచేసే, వేల సంఖ్యలో తయారు చేయగల చిన్న పంపు.

1921లో బాష్ కొడుకు చిన్న వయసులోనే జబ్బుతో పోయాడు. ఆ మరుసటి ఏడాది, అరవై దాటిన వయసులో, డీజిల్ పంపు పని మొదలుపెట్టించారు. నమూనా వెనుక నమూనా చేసి పరీక్షించారు. తొందరపడి అమ్మలేదు. ఐదేళ్ల తర్వాత, 1927 చివర్లో, ఉత్పత్తి మొదలైంది.

ఆ పంపులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ప్లంజర్, దాని బారెల్. రెండూ జతగా అరగదీసినవి, మధ్య సందు వెంట్రుక మందంలో చిన్న భాగమే. ప్లంజర్ మీద వంకరగా ఒక గాడి ఉంటుంది. రాక్ జరిగితే ప్లంజర్ తిరుగుతుంది, గాడి స్థానాన్ని బట్టి డీజిల్ ఎంత వెళ్లాలో తేలిపోతుంది. ఒక్కసారికి వెళ్లేది చుక్కో, రెండు చుక్కలో. ఇంజన్ నిమిషానికి 2000 తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌కి నిమిషానికి వెయ్యిసార్లు అదే కొలత, అదే సమయానికి అందాలి. కంప్రెసర్ మోయాల్సిన పని పోయింది, లారీకి డీజిల్ సొంతమైంది.

మన దేశంలో 1951లో బెంగళూరులో మైకో కంపెనీ మొదలైంది. తర్వాత ఎన్నో ఏళ్లు మన మెకానిక్‌ల నోట పంపు అంటే మైకోనే.

ఖాతా రాసేటప్పుడు రెండు వైపులా రాయాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధాల ఆర్డర్లతో వచ్చిన లాభాన్ని బాష్ దానం చేసేశారు. 1940లో స్టుట్‌గార్ట్‌లో ఆయన కట్టించిన ఆసుపత్రి తెరుచుకుంది. హిట్లర్ కాలంలో ఆయన మనుషులు యూదులకు సాయం చేశారు, హిట్లర్‌ని దించాలని చూసిన గోర్డెలర్‌కి కంపెనీలో ఉద్యోగమిచ్చి అండగా నిలిచారు. అదే కంపెనీ హిట్లర్ సైన్యానికి సరుకు తయారు చేసింది, యుద్ధకాలంలో ఖైదీలతో, విదేశీయులతో బలవంతంగా పని చేయించింది. 1942 మార్చి 12న బాష్ చనిపోయారు. మొదటిది రాసి రెండోది వదిలేస్తే లెక్క తప్పుతుంది.

కంపెనీ వాటాల్లో చాలా భాగం ఇప్పుడు ఆయన పేరిట ఉన్న సేవా సంస్థవే.

చివరగా మన ఇంటి మాట. పికప్ పెంచాలని పంపు స్క్రూ తిప్పించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త బండ్లలో స్క్రూ లేదు కాబట్టి కంప్యూటర్ సెట్టింగే మార్పిస్తున్నారు. గాలికి మించి డీజిల్ పోస్తే కాలేది డీజిల్ ఒక్కటే కాదు. పొగ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ పోతుంది. కిస్తీలు కట్టే ఇంటికి అది ఒక ఏడాది సంపాదన. పికప్ తగ్గితే ముందు ఫిల్టర్లు, గాలి దారి చూపించండి. తర్వాత పంపుని, నాజిళ్లని టెస్ట్ బెంచి మీద పెట్టించి, ఒక్కో సిలిండర్‌కి ఎంత వెళ్తోందో కొలిపించండి. ఆ కొలత సరిచేయడమే అసలైన అప్‌గ్రేడ్. ఐదేళ్లు ఆగి బాష్ చేయించింది కూడా అదే.