సోదరి సుబ్బలక్ష్మిగారి జీవితము

చెన్నపురి సముద్రతీరమునకు విహారార్థము పోవు మన విద్యార్థులు తిరువల్లిక్కేణి యెదుటనున్న గుండ్రని ముఖముగల ప్రాచీనభవనమును చూచియే యుందురు. దానిని నేడు వివేకానందర్ ఇల్లమని పిలుచుచున్నారు. అమెరికానుండి ఓడలలో వచ్చెడి మంచుగడ్డలను నిలువచేయుటకు 1842 ప్రాంతమున కట్టబడినందున, పెద్దలు దానిని ఐస్‌హౌస్ అనియే యెఱుగుదురు. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అచ్చట బసచేసిన సంగతి పలువురకు తెలిసినదే. అటుపిమ్మట అదే భవనమున వితంతుబాలికలు నివసించి, చదువుకొని, ఉపాధ్యాయినులై వెడలిన సంగతి మాత్రము తెలిసినవారు తక్కువ. ఆ బాలికలను ఆ యింటికి తెచ్చిన సుబ్బలక్ష్మిగారి చరిత్రమును మా బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలుపబూనితిమి.

సుబ్బలక్ష్మిగారు 1886వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన మైలాపూరులో జన్మించిరి. తంజావూరు సీమకు చెందిన బ్రాహ్మణకుటుంబము వారిది. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యరుగారు, తల్లి విశాలాక్షిగారు. ఆమె వారికి ప్రథమసంతానము. తొమ్మిదేండ్ల ప్రాయముననే నాలుగవ తరగతి ప్రభుత్వపరీక్షలో చెంగల్పట్టు ప్రాంతమునకెల్ల ప్రథమురాలుగా నెగ్గిరని చెప్పుదురు. అంతటి తెలివిగల బిడ్డ విషయమునను నాటి ఆచారమే గెలిచెను. పదునొకండేండ్ల ప్రాయమున వివాహము జరిగెను. కొలదికాలమునకే భర్త మరణించెను. కాపురమన నేమో యెఱుగని పసిపిల్ల వితంతువయ్యెను.

నాటి వితంతువు బ్రతుకెట్టిదో నేటి పిల్లలకు చెప్పిననేగాని తెలియదు. తల గొఱిగింతురు. ఒంటిపూట భోజనము పెట్టుదురు. పెండ్లి పేరంటములలో కంటబడరాదు, ఎదురువచ్చినచో అపశకునమందురు. ఇంటిల్లిపాదికిని చాకిరిచేయుచు, తనదని చెప్పుకొనుటకు ఏమియు లేక, ఏబది అరువది యేండ్లు అట్లే గడపవలెను. సుబ్రహ్మణ్య అయ్యరుగారు ఆ విధిని తన బిడ్డకు పట్టనీయలేదు. తల గొఱిగింపలేదు; మూల కూర్చుండబెట్టలేదు. తానే ఇంట ఆంగ్లము చెప్పసాగిరి. బంధువులు ఏమనుకొందురో అను భయము ఆయనకు లేకపోలేదు. అయినను బిడ్డ ముఖము చూచి ఆ భయమును దిగమ్రింగియుందురని మా యూహ.

ఆ యింటనే మఱియొక వితంతువు కలదు. ఆమె సుబ్బలక్ష్మిగారి తల్లికి చెల్లెలు. అరవమున ‘చిత్తి’ యందురు, మన పిన్నియే. ఈ పిన్నిని గూర్చి మరల చెప్పవలసియున్నది.

ఇంటి చదువు తరువాత కాన్వెంటులో క్రైస్తవ సన్యాసినుల యొద్ద చదువు సాగెను. ఇల్లు వాకిలి విడిచి, పరుల బిడ్డలకై జీవితమునంతయు ధారపోయు ఆ స్త్రీలను చూచి ఆమె మనస్సున ఒక సంకల్పము కలిగెను. తరువాతి కాలమున లోకులు ఆమెను ‘సిస్టర్’ అని పిలుచుటకు ఇదియే మూలము. ఆమె మతము మార్చుకొనలేదు. ఏ మఠమునను చేరలేదు. తెల్లచీర కట్టిన హిందూ వితంతువుగానే యుండి ఆ పేరును వహించిరి. 1911లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి బి.ఏ. పట్టమందిరి. చెన్నరాజధానిలో పట్టభద్రులైన హిందూస్త్రీలలో ఆమెను ప్రథమురాలిగా చెప్పుదురు.

నాటి చెన్నరాజధాని మిక్కిలి విశాలమైనది. గంజామునుండి నెల్లూరు వఱకు గల కోస్తాజిల్లాలు, బళ్లారి, కడప, కర్నూలు మొదలగు మన తెలుగుసీమలును అందులోనివే. ఇంతటి రాజధానిలో బాలికాపాఠశాలలు కొన్ని వెలసినను నిలుచుట కష్టముగా నుండెను. కారణము స్పష్టమే. పదేండ్లు దాటిన ఆడపిల్లను పురుషుని యొద్ద చదువుటకు పంపుటకు తలిదండ్రులు ఒప్పుకొనరు. స్త్రీలు బోధింపవలెనన్నచో చదివిన స్త్రీలుండవలెను. పాఠశాలలు నిలువనిదే స్త్రీలు చదువుటెట్లు? ఉపాధ్యాయినులు లేనందున చదువు లేదు. చదువు లేనందున ఉపాధ్యాయినులు లేరు. ఈ చక్రమును ఎచ్చట ఛేదింపవలెనో ఎవరికిని తోచలేదు. ఉన్న ఉపాధ్యాయినులలో క్రైస్తవులును, ఆంగ్లో ఇండియనులును అధికులు. ఆచారపరులైన హిందువులు తమ పిల్లలను వారి యొద్దకు పంపుటకు వెనుకాడుచుండిరి.

నాడు విద్యాశాఖలో పనిచేయుచుండిన క్రిస్టీనా లించ్ అను దొరసాని ఈ చిక్కును చక్కగా గ్రహించిరి. సుబ్బలక్ష్మిగారికి ఆమె యొక్క అండ లభించెను. ఇరువురకును తోచిన మార్గమొకటే. ఇండ్ల మూలలలో ఎవరికిని అక్కరలేక పడియున్న బాలవితంతువులే ఈ దేశమునకు కావలసిన ఉపాధ్యాయినులు! వారికి సంసారభారము లేదు. మరల పెండ్లిచేసి పంపివేయువారు లేరు. నేర్చుకొనుటకు కావలసినంత వయస్సున్నది. లోకము నిరుపయోగమని త్రోసివేసిన వారియందే లోకమునకు లేని వస్తువు దొరకెను.

వితంతువుల విషయమున మన వీరేశలింగం పంతులుగారు ఎన్నుకొన్న మార్గము వేఱు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో ఆయన ప్రథమ వితంతువివాహమును జరిపించి సంఘమును కదలించిరి. పూనాలో కార్వేగారు 1896లో వితంతుగృహమును స్థాపించి విద్యామార్గమును త్రొక్కిరి. సుబ్బలక్ష్మిగారిది ఈ రెండవ త్రోవ. అయితే ఆమె చూపు ఇంకొక అడుగు ముందునకు సాగెను. చదివిన వితంతువు తన పొట్ట పోసికొనుటతో తృప్తి చెందక, పదిమంది పిల్లల చదువునకు ఆధారమగునట్లు చేయవలెనని ఆమె తలంపు.

1912లో స్త్రీలు కలిసికొని మాటలాడుకొనుటకై శారదా లేడీస్ యూనియన్ అను సంఘమును నెలకొల్పిరి. ఆ కాలముననే తన యింటనే వ్రేళ్లపై లెక్కింపదగిన కొలదిమంది బాలికలతో గృహమును ప్రారంభించిరి. పిల్లలను తెచ్చుటయే పెద్దపనియయ్యెను. వితంతువును చదువుటకు పంపుట కులమునకు అప్రతిష్ఠయని పలువురు తలంచిరి. వెలివేయుదుమని బెదరించినవారును కలరు. ఆమె వాదమునకు దిగలేదు. గృహములో మడి, ఆచారము, వంట, పూజ సమస్తమును తలిదండ్రులు వేలెత్తి చూపలేని విధముగా నడపిరి. వెలుపలి వారికి కనబడునది ఆచారము. లోపల జరుగునది చదువు. ఇది రాజీపడుట కాదాయని ప్రశ్నింపవచ్చును. కొంతవఱకు అవును. కాని ఆ రాజీ లేనిచో ఒక్క పిల్లయైనను గడప దాటి వచ్చియుండెడిది కాదు.

ఇచ్చటనే పిన్ని కథ వచ్చును. సుబ్బలక్ష్మిగారు బయటి కార్యములలో తిరుగుచుండగా, ఇంటిని నడపినది పిన్నియే. క్రొత్తగా వచ్చిన పిల్ల రాత్రి నిదురలో ఏడ్చును; పుట్టింటినుండి ఉత్తరము వచ్చి కుములును; తోడిపిల్ల అన్నమాటకు అలిగి అన్నము మానును. ఇట్టి సమయములలో ఉపన్యాసము పనికిరాదు. తానును అదే దుఃఖమును అనుభవించిన పెద్దముత్తైదువ కాని పెద్దదిక్కు కావలెను. నేటి పాఠశాలలలో పిల్లల మనోవ్యథలను విని దారి చూపుటకు సలహాదారులను ప్రత్యేకముగా నియమించుచున్నారు. దానికి శిక్షణమును ఇచ్చుచున్నారు. బిరుదేదియు లేని ఆ పిన్ని చేసిన పని అదియే. చరిత్రకారులు ఆమెకు ఒకటి రెండు పంక్తులకంటె ఎక్కువ ఇయ్యరు. మాకు అది న్యాయముగా తోచదు.

పిల్లల సంఖ్య పెరుగగా ప్రభుత్వపు తోడ్పాటుతో గృహము ఐస్‌హౌస్ భవనమునకు మారెను. సముద్రతీరమున అంతటి భవనము, నడచిపోదగిన దూరములో 1914లో స్థాపింపబడి తరువాత క్వీన్ మేరీస్ అను పేరు పొందిన స్త్రీల కళాశాల. ఇంటి నాలుగుగోడల మధ్య పెరిగిన పిల్లలకు ఇది క్రొత్త లోకము. 1920లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకమునిచ్చి గౌరవించెను.

ఒక కొఱతను దాచిపెట్టుట తగదు. ఐస్‌హౌస్ గృహము బ్రాహ్మణ వితంతువులకే ఉద్దేశింపబడినది. ఆచారపరుల భయమును తీర్చుటకు అట్లు చేసిరని సమర్థింపవచ్చును. కాని వితంతుత్వదుఃఖము ఒక్క కులమునదే కాదు గదా! శారదా లేడీస్ యూనియన్ పక్షమున వెలసిన శారదా విద్యాలయము ఈ హద్దును దాటి, మఱింత విశాలముగా స్త్రీవిద్యకు పాటుపడెను. ఆ సంస్థ తరువాత రామకృష్ణా మిషన్ వారి చేతికి వచ్చి త్యాగరాయనగరములో వర్ధిల్లినది.

1922లో జరిగిన కార్యము ఆమె జీవితమునకంతకును శిఖరమని మా అభిప్రాయము. ఆ సంవత్సరమున ఐస్‌హౌస్ సమీపముననే లేడీ విల్లింగ్డన్ శిక్షణకళాశాల ప్రారంభమయ్యెను. సుబ్బలక్ష్మిగారు దానికి ప్రథమ అధ్యక్షురాలైరి. పట్టభద్రులైన స్త్రీలకు ఉన్నతపాఠశాలలలో బోధించుటకు ఒక శిక్షణ, మాధ్యమిక తరగతుల వారికి వేఱొకటి, ప్రాథమిక తరగతుల వారికి ఇంకొకటి, ఇట్లు మూడంతస్తులుగా ఏర్పాటు జరిగెను. వృత్తివిద్యకును అందులో స్థానముండెను. కళాశాలను అంటియే అభ్యాసపాఠశాల కలదు. ఉదయము నేర్చిన బోధనపద్ధతిని మరునాడే నిజమైన పిల్లల యెదుట పరీక్షించుకొనవచ్చును. ఆరితేరిన ఉపాధ్యాయిని వెనుకబల్లపై కూర్చుండి చూచును. పాఠము ముగిసిన పిమ్మట తప్పొప్పులు చెప్పును. నల్లబల్లపై చేయి వణకుట, పిల్లవాడు అడిగిన ప్రశ్నకు తెల్లబోవుట, గంట కొట్టునప్పటికి సగము పాఠము మిగులుట, ఇవియన్నియు అచ్చటనే తీరిపోవలెను.

అయితే పాఠము చెప్పుట ఒక విద్య. పాఠశాలను నడుపుట వేఱొక విద్య. దూరపు పట్టణములో బాలికాపాఠశాలకు పోవు యువతికి పై అధికారి పక్కన ఉండడు. హాజరుపట్టీ, జమాఖర్చులు, తనిఖీ, జీతము చాలక విసిగిన తోడి ఉపాధ్యాయిని, పెండ్లి కుదిరినదని బడి మాన్పింపవచ్చిన తండ్రి, ఒంటరిగానున్న వితంతువును గూర్చి వీథిలో పుట్టు మాటలు, అన్నిటికిని ఆమెయే సమాధానము చెప్పుకొనవలెను. సుబ్బలక్ష్మిగారు ఈ విద్యను తన నడవడియందే చూపిరని మేము తలంతుము. గృహము, వసతి, అభ్యాసపాఠశాల, కళాశాల, ఇన్నింటి భారమును ఒకేచోట వహించుచుండిన స్త్రీని ఆ పిల్లలు ప్రతిదినము ప్రొద్దుటినుండి రాత్రి వఱకు చూచుచుండిరి. అధికారి వచ్చినప్పుడు ఆమె ఎట్లు మాటలాడునో, కోపించిన తలిదండ్రులను ఎట్లు శాంతపఱచునో కన్నులార చూచినవారు వారు. ఆ గృహమునుండి వెడలిన వారిలో అనేకులు ఉపాధ్యాయినులైరి. వారిలో కొందఱు ప్రధానోపాధ్యాయినులై పాఠశాలలను నడపిరి. ఒకప్పుడు ఎదురువచ్చినచో అపశకునమనిపించుకొన్న స్త్రీ, ప్రొద్దుటనే బడి తలుపు తెఱచి వందమంది పిల్లల నమస్కారములనందుకొనెను.

మనవంటి అల్పసంఖ్యాకభాషాపాఠశాలల వారికి ఈ చరిత్రమున ప్రత్యేకముగా పట్టుకొనదగిన సంగతి యొకటి కలదు. 1912నాటి ఆ విషచక్రము మనకు క్రొత్తది కాదు. తెలుగు ఉపాధ్యాయుడొకడు ఉద్యోగవిరమణము చేయును. ఆ స్థానమున నిలువదగినవారు సిద్ధముగా లేనిచో తరగతి బలహీనమగును. తరగతి బలహీనమైనచో తలిదండ్రులు పిల్లలను వేఱు మాధ్యమమునకు మార్తురు. పిల్లలు తగ్గిన పిమ్మట ఉపాధ్యాయుని అవసరము లేదందురు. పదవతరగతి ముగించు పిల్లలలో ఎందఱు తెలుగున బోధింపగల ఉపాధ్యాయులగుదురు? వారిలో ఎందఱు పాఠశాలభారమును వహింపగలరు? ఈ లెక్కను ఖాళీ ఏర్పడిన పిమ్మట కాక, పది పదునైదు సంవత్సరములు ముందుగానే వేసికొనవలసియున్నది. సుబ్బలక్ష్మిగారు అట్లే వేసికొనిరి. 1912లో అక్షరములు దిద్దిన పిల్ల చదువు ముగించి, శిక్షణ ముగించి బడిని నడుపుటకు పట్టిన కాలమును ఆమె ఓపికతో భరించిరి. ఇదే చెన్నపురిలో మన దుర్గాబాయమ్మగారు 1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను పరీక్షలకు పంపి నిలువబెట్టుటయందును ఈ ఓపికయే మనకు కానవచ్చును.

ప్రభుత్వోద్యోగినియైనందున సుబ్బలక్ష్మిగారు బహిరంగముగా స్త్రీల రాజకీయసంఘములలో పాల్గొనుటకు వీలులేకుండెను. అయినను బాల్యవివాహములను గూర్చి విచారించిన జోషీ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చిరి. తన యింటి గడప తొక్కిన ప్రతిపిల్లయు ఆమెకు ప్రమాణమే గదా! బాలికలకు 14, బాలురకు 18 సంవత్సరములు కనీసవయస్సుగా నిర్ణయించిన శాసనము 1930 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చెను.

ఉద్యోగమును విడిచిన పిమ్మటను ఆమె విశ్రమింపలేదు. 1942లో వయోజనస్త్రీలకై మైలాపూరులో శ్రీవిద్యాకళానిలయమును ప్రారంభించిరి. 1952నుండి 1956 వఱకు మద్రాసు శాసనమండలి సభ్యురాలుగా నుండిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము విడివడినది ఆ కాలముననే. 1954లో తాంబరము సమీపమున మాడంబాక్కములో స్త్రీలకును, పిల్లలకును పాఠశాల వెలయుటకు తోడ్పడిరి. 1956లో మైలాపూరు లేడీస్ క్లబ్బు పక్షమున విద్యామందిర్ పాఠశాల ఏర్పడెను. అప్పటికి ఆమెకు ఏబదితొమ్మిది నిండి పదేండ్లు దాటినవి. 1958లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదమునిచ్చెను.

1969 డిసెంబరు 20న, వైకుంఠ ఏకాదశినాడు, ఎనుబదిమూడేండ్ల వయస్సున ఆమె పరమపదించిరి. ఐస్‌హౌస్ భవనము 1997నుండి రామకృష్ణమఠము వారి అధీనమున నుండి, నేడు ప్రదర్శనశాలగా నున్నది. దాని సమీపమున లేడీ విల్లింగ్డన్ కళాశాల నేటికిని ఉపాధ్యాయశిక్షణమును ఇచ్చుచునే యున్నది.