బెంజమిన్ లే

బెంజమిన్ లే (జనవరి 26, 1682 - ఫిబ్రవరి 1759) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన క్వేకరు క్రైస్తవుడు, శాకాహార వ్రతుడు. బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి ఆద్యులైన వారిలో ఒకడు. ఈయన గొర్రెల కాపరిగా, చేతితొడుగులు కుట్టేవాడిగా, నావికుడిగా, పుస్తక విక్రేతగా వివిధ వృత్తులలో జీవించాడు. జీవుల ప్రాణం తీసి చేసిన వస్తువునైనా, బానిసల శ్రమతో తయారైన వస్తువునైనా తినరాదని, ధరించరాదని నియమం పెట్టుకొని, మరణించేవరకు దానిని పాటించాడు. శాకాహారం, బానిసత్వ వ్యతిరేకత ఈయన దృష్టిలో రెండు వేర్వేరు విషయాలు కావు. ఒక ప్రాణిని బాధించి పొందిన సుఖం క్రీస్తు బోధకు విరుద్ధమన్న ఒకే విశ్వాసం నుండి ఆ రెండూ పుట్టాయి.

బాల్యము

బెంజమిన్ లే ఇంగ్లాండులోని ఎసెక్స్ ప్రాంతంలో, కోల్చెస్టర్ పట్టణానికి సమీపాన గల కాప్‌ఫర్డ్ గ్రామంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. ఈయన తల్లిదండ్రులు క్వేకర్లు. 17వ శతాబ్దం మధ్యకాలంలో ఇంగ్లాండులో ఏర్పడిన ఈ క్రైస్తవ శాఖవారు తమను స్నేహితులని పిలుచుకొంటారు. ప్రతి మనిషిలోనూ దైవజ్యోతి ఉన్నదని, దానిని దర్శించడానికి పురోహితుడు అవసరం లేదని, యుద్ధం, హింస తగవని వీరి విశ్వాసం.

లే ఎత్తు నాలుగు అడుగులకు కొద్దిగా మించి ఉండేది. వీపు గూని తిరిగి, ఛాతీ ముందుకు పొడుచుకొని వచ్చి, కాళ్ళు సన్నగా ఉండేవి. చదువు స్వల్పంగానే సాగింది గాని జీవితాంతం గ్రంథపఠనం మానలేదు. బాల్యంలో సవతి అన్న పొలంలో గొర్రెలు కాచాడు. ఆ పని తనకు ఎంతో ఇష్టమైనదని తరువాతి కాలంలో తలచుకొనేవాడు. యుక్తవయస్సులో చేతితొడుగులు కుట్టేవాని వద్ద పనికి కుదిరాడు. జంతుచర్మాలతో నడిచే ఆ వృత్తి ఈయనకు రుచించలేదు.

నావిక జీవితము, వివాహము

సుమారు 21 సంవత్సరాల వయస్సులో లే ఇల్లు విడిచి లండన్ చేరి, ఓడలలో నావికుడిగా కుదిరాడు. దాదాపు పన్నెండేళ్ళపాటు సముద్రంపై గడిపిన ఈ కాలంలో, బానిసలను రవాణా చేసే ఓడలలో పనిచేసినవారి నుండి అక్కడి దారుణాలను గురించి విన్నాడు. 1718లో సారా స్మిత్‌ను వివాహమాడాడు. ఆమె కూడా పొట్టిగా, గూని వీపుతో ఉండేది. క్వేకరు సమాజంలో ప్రవచనకర్తగా ఆమెకు గౌరవం ఉండేది. భర్త కంటే శాంత స్వభావురాలైనప్పటికీ, ఆయన అభిప్రాయాలకు చివరివరకు అండగా నిలిచింది.

బార్బడోస్ అనుభవము

వివాహానంతరం దంపతులిద్దరూ కరీబియన్ సముద్రంలోని బార్బడోస్ దీవికి వెళ్ళి, బ్రిడ్జ్‌టౌన్ రేవులో చిన్న దుకాణం పెట్టుకొన్నారు. ఆనాడు ఆ దీవి ఆంగ్లేయుల చెరకు తోటలకు ప్రసిద్ధి. ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు ఆ తోటలలోను, చక్కెర బట్టీలలోను పనిచేసి అకాల మరణం పాలయ్యేవారు. ఆకలితో అలమటించే బానిసలు దుకాణానికి వచ్చి కొన్నిసార్లు తినుబండారాలను దొంగిలించేవారు. మొదట్లో లే కోపించి వారిలో కొందరిని కొట్టాడు. వారి స్థితిగతులు తెలిసిన పిమ్మట, తాను చేసిన దానికి తీవ్రమైన పశ్చాత్తాపం చెందాడు. ఆ బాధ ఈయనను జీవితాంతం వదలలేదు.

తరువాత ఆ దంపతులు బానిసలను ఇంటికి పిలిచి భోజనం పెట్టసాగారు. వందలాదిగా వారు రావడం చూచి తోటల యజమానులు ఆగ్రహించారు. ఒక క్వేకరు కుటుంబాన్ని చూడబోయిన సారా, ఆ ఇంటి బయట గొలుసులతో వేలాడదీయబడి రక్తం ఓడుతున్న ఒక బానిసను చూచి నిర్ఘాంతపోయింది. హింస తగదని బోధించే తమ మతస్థులే ఆ పని చేయడం దంపతులను కలచివేసింది. సుమారు ఏడాదిన్నర తరువాత వారు ఇంగ్లాండుకు తిరిగివచ్చారు. చక్కెర ఏ విధంగా తయారవుతుందో స్వయంగా చూచిన లే, ఆ తరువాత దానిని ముట్టలేదు.

పెన్సిల్వేనియాలో నివాసము

1732లో లే దంపతులు క్వేకర్ల ప్రాబల్యం గల పెన్సిల్వేనియా రాష్ట్రానికి చేరి, ఫిలడెల్ఫియా నగరంలో దిగారు. అక్కడ లే పుస్తకాల వ్యాపారం చేశాడు. ధర్మరాజ్యంగా పేరుపొందిన ఆ ప్రాంతంలో కూడా సంపన్నులైన క్వేకర్లలో అనేకులు బానిసలను కలిగి ఉండడం ఈయనకు ఆశాభంగం కలిగించింది. అయితే అంతకు ముందే ఈ అన్యాయాన్ని ప్రశ్నించినవారు కొందరున్నారు. 1688లో జర్మన్‌టౌన్ క్వేకర్లు బానిసత్వానికి వ్యతిరేకంగా ఒక వినతిపత్రం వ్రాశారు. 1729లో రాల్ఫ్ శాండిఫర్డ్ అదే విషయమై ఒక గ్రంథం ప్రకటించి, మతపెద్దల ఆగ్రహానికి గురియయ్యాడు.

కొంతకాలానికి లే ఫిలడెల్ఫియాకు ఉత్తరాన గల అబింగ్టన్‌కు తరలివెళ్ళి, కొండవాలులో గుహవంటి ఇల్లు నిర్మించుకొన్నాడు. అందులో సుమారు రెండు వందల పుస్తకాలతో గ్రంథాలయం ఉండేది. ఇంటి చుట్టూ పండ్లచెట్లు, కూరగాయల మళ్ళు, తేనెపట్టులు పెంచాడు. 1735లో సారా మరణించింది. ఆ తరువాత లే ఒంటరిగానే జీవించాడు.

ఆహార నియమాలు

లే పండ్లు, కూరగాయలు, తేనె మాత్రమే భుజించేవాడు. పాలు, మంచినీరు త్రాగేవాడు. మాంసం, చేపలు, మద్యం, చక్కెర, తేయాకులను పూర్తిగా వర్జించాడు. ఉడికించి ఆపైన కాల్చిన టర్నిప్ దుంపలు ఈయనకు ప్రీతిపాత్రమైన వంటకం. అవిసె నారను స్వయంగా వడికి తన దుస్తులను తానే తయారు చేసుకొనేవాడు. గుర్రం ఎక్కక, ఎంత దూరమైనా నడిచే వెళ్ళేవాడు.

ఈ నియమాలకు మూడు మూలాలు కనిపిస్తాయి. మొదటిది ఆరోగ్యం. ఆంగ్ల రచయిత థామస్ ట్రయాన్ (1634-1703) వ్రాసిన గ్రంథాలు లేకు నిత్యపారాయణమయ్యాయి. దీర్ఘాయువుకు, ఆరోగ్యానికి మితాహారం, శాకాహారం, మంచినీరు మార్గమని ట్రయాన్ బోధించాడు. ఆయన కూడా బార్బడోస్‌లో నివసించి బానిసత్వాన్ని ఖండించినవాడే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా తన పదహారవ ఏట ట్రయాన్ గ్రంథం చదివి కొంతకాలం మాంసాహారం మానివేశాడు. ఫ్రాంక్లిన్ ఆ నియమాన్ని తరువాత సడలించుకోగా, లే మరింత కఠినం చేసుకొన్నాడు.

రెండవది కరుణ. తన తోటలోని కూరగాయలను పాడుచేస్తున్న ఒక గ్రౌండ్‌హాగ్‌ను (ఉడుత జాతికి చెందిన, బొరియలలో నివసించే జంతువు) లే ఒకసారి చంపి, దాని శరీర భాగాలను తోట మూలలలో మేకులతో కొట్టాడని, ఆ తరువాత చేసిన పనికి కుమిలిపోయి జీవహింసను విడనాడాడని ఒక కథనం ఉన్నది. బార్బడోస్‌లో బానిసలను కొట్టి పశ్చాత్తాపపడిన సంఘటనకు, దీనికి పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. రెండు సందర్భాలలోనూ ఆకలిగొన్న ప్రాణి తన ఆహారాన్ని తీసుకొన్నందుకే ఈయన దండించాడు.

మూడవది క్రైస్తవ విశ్వాసం. సృష్టిలోని జీవులన్నింటిలో దైవసాన్నిధ్యం ఉన్నదని, మనిషి వాటికంటే గొప్పవాడనుకోవడం అహంకారమని ఈయన భావించాడు. బైబిలులోని ఆదికాండము ప్రకారం దేవుడు మొదట మానవునికి ఆహారంగా ఇచ్చినది విత్తనాలిచ్చే మొక్కలు, చెట్ల ఫలాలు. జలప్రళయం తరువాతనే మాంసానికి అనుమతి లభించింది. క్రైస్తవ శాకాహారులు తరతరాలుగా దీనిని ఆధారంగా చూపుతారు. ఎదుటివారు మన పట్ల ఎలా మెలగాలని కోరుకొంటామో వారి పట్ల మనమూ అలాగే మెలగాలన్న క్రీస్తు బోధను లే బానిసలకే గాక పశుపక్ష్యాదులకు కూడా వర్తింపజేశాడు. క్రీస్తును అనుసరించి నలభై దినాల ఉపవాసానికి కూడా ఒకసారి పూనుకొన్నాడు. మూడు వారాలయ్యేసరికి మృతప్రాయుడు కాగా, మిత్రులు బలవంతంగా ఆహారం పెట్టి రక్షించారు.

జంతువుల నుండి లభించే ఆహారాన్ని, వస్తువులను పూర్తిగా విడనాడే పద్ధతికి వీగన్ అనే పేరు 1944లో ఇంగ్లాండులో ఏర్పడింది. పాలు, తేనె స్వీకరించినందువలన ఆ నిర్వచనం ప్రకారం లే వీగన్ కాడు. అయితే ఆహారానికే పరిమితం కాక దుస్తులు, ప్రయాణం మొదలైన విషయాలన్నింటిలోనూ హింసను వదలుకోవాలన్న ఆలోచనను అంతకు రెండు శతాబ్దాల ముందే ఈయన ఆచరణలో పెట్టాడు.

నిరసనలు

లే తన అభిప్రాయాలను ప్రసంగాల కంటే చేతల ద్వారా ఎక్కువగా ప్రకటించేవాడు. ఒక చలికాలంలో క్వేకర్ల ప్రార్థనామందిరం ఎదుట ఒక కాలికి ఆచ్ఛాదన లేకుండా లోతైన మంచులో నిలబడ్డాడు. జబ్బు చేస్తుందని మందలించినవారితో, తనపై చూపుతున్న జాలి చలికాలమంతా చాలీచాలని బట్టలతో పొలాలలో పనిచేసే బానిసలపై ఎందుకు లేదని అడిగాడు. మరొకసారి మందిరం నుండి గెంటివేయబడగా, సమావేశం ముగిసేవరకు వాకిట బురదలోనే పడుకొన్నాడు. బయటకు వచ్చినవారు ఈయనను దాటుకొని పోవలసి వచ్చింది. బానిసలు గల ఒక క్వేకరు కుటుంబంలోని బాలుని కొంతసేపు తన ఇంట ఉంచుకొని, బిడ్డ కోసం తల్లడిల్లుతున్న తల్లిదండ్రులకు ఆఫ్రికా తల్లుల వేదన అటువంటిదేనని చెప్పాడు.

1742లో భార్య వాడిన పింగాణీ టీ కప్పులను ఫిలడెల్ఫియా బజారులో అందరి ఎదుట పగులగొట్టసాగాడు. తేయాకుతో పాటు వాడే చక్కెర బానిసల రక్తంతో తయారైనదని చాటడం ఈయన ఉద్దేశం. గుమిగూడిన జనం ఈయనను అడ్డుకొని, మిగిలిన పాత్రలను పట్టుకుపోయారు.

గ్రంథ రచన, బహిష్కరణ

1737లో బానిసలను కలిగి ఉన్న క్వేకర్లు మతభ్రష్టులని ఖండిస్తూ లే ఒక గ్రంథం వ్రాశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ దానిని ముద్రించాడు గాని, ముద్రాపకునిగా తన పేరు వేసుకోలేదు. బానిసలను కొనడం, అమ్మడం చట్టసమ్మతమైన ఆ రోజులలో, బానిసత్వాన్ని తక్షణం, సంపూర్ణంగా విడనాడాలని ఈ గ్రంథం కోరింది. క్వేకరు పెద్దలు ఈ పుస్తకంతో తమకు సంబంధం లేదని బహిరంగంగా ప్రకటించారు.

1738 సెప్టెంబరులో న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో క్వేకర్ల వార్షిక సమావేశం జరిగింది. లే లోపల సైనిక దుస్తులు, కత్తి ధరించి, పైన పొడవైన కోటు కప్పుకొని హాజరయ్యాడు. లోపలి కాగితాలు తొలచిన ఒక పుస్తకంలో ఎర్రని అడవి పండ్ల రసం నింపిన తిత్తిని దాచి తెచ్చాడు. సభలో లేచి, తోటి మనుషులను బానిసలుగా చేసేవారి రక్తాన్ని దేవుడు చిందిస్తాడని హెచ్చరిస్తూ కోటు తొలగించి, కత్తితో పుస్తకాన్ని పొడిచాడు. ఎర్రని రసం చుట్టుప్రక్కల వారిపై చిమ్మింది. కొందరు మూర్ఛపోయారని చెబుతారు. సభ్యులు ఈయనను బయటకు మోసుకుపోయారు.

అదే సంవత్సరం అబింగ్టన్ సమాజం ఈయనను సభ్యునిగా గుర్తించడం మానివేసింది. అంతకు ముందు ఇంగ్లాండులో కూడా సమావేశాలలో వాదులాడినందుకు ఇటువంటి అనుభవమే ఎదురైంది. విశ్వాసమే జీవితమైన వ్యక్తికి ఇది చాలా పెద్ద శిక్ష. అయినప్పటికీ లే ఆ మతాన్ని విడిచిపెట్టలేదు. సమావేశాలకు వెళ్ళడం గాని, గెంటివేయబడడం గాని ఆగలేదు.

చివరి రోజులు

1750లలో జాన్ వూల్మన్, ఆంథొనీ బెనిజెట్ వంటి సౌమ్యులైన క్వేకర్లు బానిసత్వ వ్యతిరేక ప్రచారాన్ని ముందుకు నడిపించారు. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం బానిసలను కొనే, అమ్మే సభ్యులపై క్రమశిక్షణ చర్యలు తీసుకోవాలని తీర్మానించింది. అప్పటికి వృద్ధుడై అస్వస్థతతో ఉన్న లే ఈ వార్త విని దేవునికి కృతజ్ఞతలు తెలిపి, ఇక తాను ప్రశాంతంగా మరణించగలనని అన్నట్లు చెబుతారు. 1759 ఫిబ్రవరిలో, 77 సంవత్సరాల వయస్సులో మరణించాడు. అబింగ్టన్‌లోని క్వేకర్ల శ్మశానవాటికలో, భార్య సమాధికి సమీపాన, గుర్తురాయి లేకుండా ఖననం చేశారు.

ప్రభావము, స్మృతి

1776లో ఫిలడెల్ఫియా క్వేకర్లు తమ సభ్యులు బానిసలను కలిగి ఉండడాన్ని పూర్తిగా నిషేధించారు. 1780లో పెన్సిల్వేనియా శాసనసభ బానిసత్వాన్ని క్రమంగా రద్దుచేసే చట్టం చేసింది. లే గ్రంథాన్ని పేరు లేకుండా ముద్రించిన ఫ్రాంక్లిన్, 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. బానిసల శ్రమతో తయారైన వస్తువులను కొనరాదన్న లే పద్ధతి 1791 నుండి ఇంగ్లాండులో చక్కెర బహిష్కరణ ఉద్యమంగా రూపొందింది. వేలాది కుటుంబాలు అందులో పాల్గొన్నాయి.

బెంజమిన్ రష్ ఈయనపై ఒక వ్యాసం వ్రాశాడు. 1815లో రాబర్ట్స్ వాక్స్ ఈయన జీవితచరిత్రను ప్రకటించాడు. తరువాత దాదాపు మరుగున పడిన ఈయన కథ, 2017లో చరిత్రకారుడు మార్కస్ రెడికర్ రచించిన జీవితచరిత్రతో మరల వెలుగులోకి వచ్చింది. 2018లో అబింగ్టన్‌లో ఈయన పేరిట చారిత్రక ఫలకం నెలకొల్పబడింది. ఈయనను వెలివేసిన సమాజమే, సత్యానికి నిలబడిన వ్యక్తిగా ఈయనను తిరిగి గుర్తించింది.

విలియమ్ విలియమ్స్ 1750లలో చిత్రించిన ఈయన చిత్రపటం వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రపట ప్రదర్శనశాలకు చేరింది. ఫ్రాంక్లిన్ భార్య డెబోరా దీనిని తన భర్త కోసం వేయించింది. గుహ ఎదుట నిలబడిన లే చేతిలో ట్రయాన్ పుస్తకం, చెంతనే పండ్లు, కూరగాయల బుట్ట ఇందులో కనిపిస్తాయి.