షూరిటీ సంతకం పెట్టిన ప్రెసిడెంటు

మా ఇంట్లో షూరిటీ అనే మాట ఎత్తితే చాలు, అమ్మ ముఖం మాడిపోతుంది. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు నాన్న ఒక బంధువు చిట్టీకి షూరిటీ సంతకం పెట్టాడు. ఆయన చిట్టీ పాడుకుని కట్టడం మానేశాడు. రెండేళ్ల పాటు నాన్న జీతంలోంచి కట్ అయింది. అందుకే కాబోలు, అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కూడా డెబ్బై అయిదేళ్ల వయసులో షూరిటీ పెట్టి మునిగాడని చదవగానే, స్వాతంత్ర్య ప్రకటన రాసిన మహానుభావుణ్ణి పక్కన పెట్టి, ఆయన అప్పుల లెక్క వెంట పడ్డాను.

1743లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి సర్వేయరు (సివిల్ బ్రాంచి వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు). 1772లో పెళ్లయింది, మరుసటేడే మామగారు పోయారు. వేల ఎకరాలు, 135 మంది బానిసలు, వాటితో పాటు బ్రిటిష్ వర్తకులకు కట్టాల్సిన అప్పు వాటాకొచ్చాయి. పొలం అమ్మి తీర్చేద్దామనుకుంటే, యుద్ధకాలంలో చేతికొచ్చిన కాగితం డబ్బు విలువ పడిపోయింది. అప్పు అలాగే నెత్తిమీద ఉండిపోయింది.

డబ్బు లెక్క మాత్రం ఆయనకు బాగా తెలుసు. పన్నెండు పెన్నీలకో షిల్లింగు, ఇరవై షిల్లింగులకో పౌండు అనే తలనొప్పి వదిలించి, డాలర్ని పదులు, వందల్లో విడగొట్టాలని 1784లోనే వాదించాడు. 1792లో చట్టమైంది. మన రూపాయి వంద నయా పైసలు కావడానికి 1957 దాకా ఆగాల్సి వచ్చింది.

1801లో అధ్యక్షుడయ్యాక దేశం అప్పు తీర్చడమే పనిగా పెట్టుకున్నాడు. ఆయనకు ప్రత్యర్థి అయిన హామిల్టన్ దృష్టిలో ప్రభుత్వ అప్పు దేశాన్ని కలిపి ఉంచే సిమెంటు. జెఫర్సన్‌కి అది రాబోయే తరం మెడకు ఉరి. విస్కీ పన్ను తీసేశాడు, సైన్యం ఖర్చు కోసేశాడు. ఆర్థికమంత్రి గాలటిన్‌తో కలిసి ఎనిమిదేళ్లలో 8.3 కోట్ల డాలర్ల అప్పుని 5.7 కోట్లకు దించాడు. మధ్యలో లూసియానా కొని కూడా!

ఆ కొనుగోలు కథ భలే ఉంటుంది. న్యూ ఆర్లియన్స్ రేవు కోసం మనుషుల్ని పంపితే, నెపోలియన్ మొత్తం ప్రాంతం తీసుకోమన్నాడు. హైతీలో తిరగబడ్డ బానిసల చేతిలో, విషజ్వరాల చేతిలో అతని సైన్యం అప్పటికే చితికిపోయింది. 1803లో బేరం ఒకటిన్నర కోట్ల డాలర్లకు కుదిరింది, అమెరికా విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. అంత డబ్బు చేతిలో లేక బాండ్లు ఇచ్చారు. వాటిని కొన్నది లండన్ బేరింగ్స్, ఆమ్‌స్టర్‌డామ్ హోప్ బ్యాంకులు. అంటే ఇంగ్లండు మీద యుద్ధానికి నెపోలియన్‌కి డబ్బు సర్దింది లండన్ బ్యాంకే. భూమి కొనే అధికారం రాజ్యాంగంలో రాసి లేదని జెఫర్సన్ మథనపడ్డాడు, సవరణ చేద్దామనుకున్నాడు, బేరం చెడుతుందని మానేశాడు. ఆ నేల మీద బతుకుతున్న ఆదివాసీలను ఎవరూ అడగలేదు.

రెండో విడత పాలనలో దెబ్బ తిన్నాడు. ఇంగ్లండు, ఫ్రాన్సు కొట్టుకుంటూ అమెరికా ఓడల్ని పట్టుకునేవి. 1807లో ఇంగ్లండు యుద్ధనౌక ఏకంగా అమెరికా నౌక చెసాపీక్ మీద కాల్పులు జరిపింది. యుద్ధం చేద్దామంటే నౌకాదళం ఖర్చు తానే తగ్గించాడాయె. సరే, వాళ్లకు సరుకే పంపకుండా దారికి తెద్దామని, మన ఓడలేవీ విదేశాలకు పోకూడదని డిసెంబరులో చట్టం తెచ్చాడు. ఇప్పటి ఆర్థిక ఆంక్షలకు తాతలాంటిదిది. యుద్ధం లేకుండా గెలవాలన్న ఆలోచన నాకైతే ఇప్పటికీ నచ్చుతుంది. కానీ దెబ్బ సొంతవాళ్ల మీద పడింది. 10.8 కోట్ల డాలర్ల ఎగుమతులు ఏడాదిలో 2.2 కోట్లకు పడిపోయాయి. రేవుల్లో నావికులకు పనిలేదు, కెనడా సరిహద్దులో దొంగరవాణా. ప్రభుత్వం తక్కువగా జోక్యం చేసుకోవాలన్న మనిషే సొంత జనం మీదికి సైనికుల్ని పంపాల్సి వచ్చింది. ఇంకో తమాషా, వ్యవసాయాన్నే నమ్ముకున్న ఈయన పుణ్యమా అని ఉత్తరాదిలో బట్టల మిల్లులు లేచాయి. 1809లో దిగిపోయే ముందు ఆ చట్టం రద్దు చేసే బిల్లు మీద తనే సంతకం చేశాడు.

ఇంటి లెక్కలు మాత్రం ఎప్పుడూ కుదరలేదు. వైను, పుస్తకాలు, అతిథులు, కడుతూ పడగొడుతూ మళ్లీ కట్టే మాంటిచెల్లో భవనం. 1815లో 6,487 పుస్తకాలు అమెరికా కాంగ్రెసుకి 23,950 డాలర్లకు అమ్మాడు. వెంటనే మళ్లీ కొనడం మొదలెట్టాడు! 1818లో మనవడికి పిల్లనిచ్చిన మామ నికొలస్ అడిగితే, 20,000 డాలర్లకు పూచీ సంతకం పెట్టాడు. వియ్యపువారి మాట, కాదంటే బాగుండదు కదా. మర్నాటి సంవత్సరం దేశంలో ఆర్థిక సంక్షోభం, నికొలస్ చేతులెత్తేశాడు.

1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన రోజే, జెఫర్సన్ పోయాడు. మిగిల్చిన అప్పు లక్ష డాలర్లు దాటింది. నాన్న షూరిటీకి నాన్న జీతం పోయింది. జెఫర్సన్ అప్పు కట్టింది వేరేవాళ్లు. 1827 జనవరిలో మాంటిచెల్లోలో 130 మంది బానిసల్ని వేలం వేశారు. వీలునామాలో విముక్తి రాసిన అయిదుగురిలో కమ్మరి జోసెఫ్ ఫాసెట్ ఒకడు. అతని భార్య, వంటమనిషి ఈడిత్ పేరు, పిల్లల పేర్లు అందులో లేవు. వాళ్లను వేర్వేరు మనుషులు పాడుకున్నారు. తర్వాత జోసెఫ్ కష్టపడి భార్యనీ, పిల్లల్లో కొందర్నీ కొనుక్కోగలిగాడు. పదకొండేళ్లకు అమ్ముడుపోయిన కొడుకు పీటర్‌కి మాత్రం విముక్తి దొరికేసరికి 1850 అయింది. ఆ పీటరే ముసలితనంలో, 1900లో, ఒకసారి మాంటిచెల్లో చూసి వెళ్లాడు.